ఇంటిపేరు యూటీ, అసలు పేరు ఆర్లింగ్టన్

ప్రశ్న: మా సొంతూరు మదనపల్లె. మావారి ఉద్యోగం వల్ల బెంగళూరు రామమూర్తి నగర్‌లో స్థిరపడ్డాం. మా అబ్బాయి ఇక్కడే వీటీయూ (విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పూర్తి చేసి ఎంఎస్‌కి అప్లై చేశాడు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ ఆర్లింగ్టన్ నుంచీ, యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరీ–కాన్సాస్ సిటీ నుంచీ అడ్మిట్లు వచ్చాయి. మారతహళ్లిలో మేం వెళ్లిన కన్సల్టెన్సీ ఆయన "యూటీ అంతా ఒకటేనండి, ఒక్క సెమిస్టర్ కాగానే ఆస్టిన్‌కి మారిపోవచ్చు" అంటున్నాడు. అనంతపురం జేఎన్‌టీయూలో చదివిన మా మరిది మాత్రం "అవన్నీ బ్రాంచీలు వదినా, మన అఫిలియేటెడ్ కాలేజీల్లాంటివి. అసలు యూనివర్సిటీ వేరే ఉంటుంది" అంటాడు. లోన్ చూస్తే భయం వేస్తోంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట నమ్మాలి? అసలు ఇన్ని క్యాంపస్‌లున్న యూనివర్సిటీని నడిపేది ఎవరు? రేపు వీడికి అక్కడ ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలి?
— ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు కన్సల్టెన్సీ ఆయన మాట తేల్చేద్దాం. అది నిజం కాదు. ఆర్లింగ్టన్‌లో చేరినవాడికి, యూటీ క్యాంపస్‌లలో బాగా పేరున్న ఆస్టిన్‌లో సీటు దానంతట అది రాదు. ఆస్టిన్ కావాలంటే ఆస్టిన్‌కి మళ్లీ అప్లై చేయాలి, మళ్లీ ఫీజు కట్టాలి, మిగతా ప్రపంచంతో పాటు పోటీ పడాలి. ఒక సెమిస్టర్ ఆర్లింగ్టన్‌లో చదివానన్నది అక్కడ ప్రత్యేక అర్హత ఏమీ కాదు. ఎంఎస్ అంటేనే 30 క్రెడిట్ల చుట్టూ తిరిగే చదువు. వేరేచోట చేసిన కోర్సుల్లో కొన్నింటినే కొత్త డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటుంది, అదీ వాళ్ల ఇష్టం మీద. కట్టిన ఫీజులో కొంత గాలికి పోయినట్టే. ఈ మాట చెప్పి డిపాజిట్ కట్టించుకునే కన్సల్టెన్సీతో మిగతా లెక్కలు కూడా జాగ్రత్తగా చూసుకోండి.

మీ మరిది మాట కూడా సరికాదు. ఆయన పొరపడడానికి కారణం మాత్రం నాకు అర్థమవుతుంది. మనవైపు యూనివర్సిటీ అనగానే గుర్తొచ్చేది అఫిలియేషన్. మీ అబ్బాయి హాల్ టికెట్ మీద యూఎస్‌ఎన్, అంటే వీటీయూ ఇచ్చే విద్యార్థి నంబరు చూడండి. మొదటి అంకె 1 ఉంటుంది, అంటే బెంగళూరు రీజియన్. తర్వాతి రెండక్షరాలు కాలేజీ కోడ్. చదివింది ఇక్కడి కాలేజీలో, ఫీజు కట్టింది అక్కడే. డిగ్రీ ఇచ్చేది మాత్రం బెళగావిలో ఉన్న వీటీయూ. కాలేజీకి సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం లేదు. మీ మరిది చూసింది కూడా ఈ పద్ధతినే.

టెక్సాస్‌లో కథ తిరగబడుతుంది. డిగ్రీ ఇచ్చేది ఆర్లింగ్టనే. సర్టిఫికెట్ మీద 'యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ ఆర్లింగ్టన్' అనే ఉంటుంది. అక్రెడిటేషన్, అంటే చదువు నాణ్యతకు ఇచ్చే గుర్తింపు, ఆర్లింగ్టన్‌కి విడిగా, డల్లాస్‌కి విడిగా, ఆస్టిన్‌కి విడిగా ఉంటుంది. అడ్మిషన్లు విడిగా, సిలబస్ విడిగా, ప్రొఫెసర్ల నియామకాలు విడిగా, ర్యాంకింగులు విడిగా. మన పేర్లలో ఇంటిపేరు ముందొచ్చి సొంత పేరు తర్వాత వచ్చినట్టు, యూటీ అన్నది ఇంటిపేరు, ఆర్లింగ్టన్ అన్నది మనిషి పేరు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అన్నగారి మార్కులు తమ్ముడి ఖాతాలో పడవు. తమ్ముడు నకిలీ అనడానికీ లేదు.

ఆర్లింగ్టన్ చరిత్ర వింటే ఈ విషయం ఇంకా బాగా తెలుస్తుంది. అది 1895లో ఒక చిన్న ప్రైవేటు స్కూలుగా మొదలైంది. 1917 నుంచి దశాబ్దాల పాటు టెక్సాస్ ఏ అండ్ ఎం అనే వేరే యూనివర్సిటీ కింద ఉంది. 1965లో శాసనసభ దాన్ని అక్కడి నుంచి తీసి యూటీ సిస్టమ్‌లో, అంటే ఒకే బోర్డు కింద నడిచే యూటీ యూనివర్సిటీల కుటుంబంలో చేర్చింది. ఇప్పుడున్న పేరు వచ్చింది 1967లో. అంటే ఆస్టిన్ వాళ్లు పెట్టిన బ్రాంచి కాదు, అప్పటికే సొంతంగా నడుస్తున్న కాలేజీ గూడు మార్చుకుంది. మీ రెండో అడ్మిట్ సంగతీ ఇంచుమించు అంతే. కాన్సాస్ సిటీ క్యాంపస్ 1933లో తరగతులు మొదలుపెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ, 1963లో మిస్సోరీ సిస్టమ్‌లో కలిసింది.

ఇక ఎవరు నడుపుతారని అడిగారు. యూటీ సిస్టమ్ మొత్తానికీ ఒకే బోర్డు. పేరు బోర్డ్ ఆఫ్ రీజెంట్స్. తొమ్మిది మంది సభ్యులు, ఆరేళ్ల పదవీకాలం. అందరూ ఒకేసారి దిగిపోకుండా రెండేళ్లకోసారి కొందరు మారుతుంటారు. ఓటు లేని విద్యార్థి సభ్యుడు ఒకరు అదనం. వీళ్లను గవర్నర్ ఎంపిక చేస్తే రాష్ట్ర సెనేట్ ఆమోదిస్తుంది. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మన గవర్నర్‌ని కేంద్రం పంపుతుంది, ఆయన హోదా రీత్యా రాష్ట్ర యూనివర్సిటీలకు చాన్సలర్ అవుతాడు, వీసీ నియామకం దగ్గర ఆయనకీ ప్రభుత్వానికీ పేచీ వస్తుంది. ఇది మన పేపర్లలో తరచూ చూసేదే. అమెరికాలో గవర్నర్ అంటే జనం ఓట్లతో గెలిచిన మనిషి, మన ముఖ్యమంత్రితో పోల్చాలి. రాజకీయం అక్కడా ఉంది, కాకపోతే అది బోర్డు సభ్యుల ఎంపిక దారిలో వస్తుంది. కాలిఫోర్నియాలో గవర్నర్ స్వయంగా రీజెంట్ల బోర్డులో కూర్చుంటాడు. నార్త్ కరోలినాలో అయితే బోర్డు సభ్యులను శాసనసభే ఎన్నుకుంటుంది, గవర్నర్ చేతిలో పెట్టలేదు.

ఐఐటీలతో పోల్చి చూస్తే ఇంకో తేడా కనిపిస్తుంది. మద్రాసు ఐఐటీ, తిరుపతి ఐఐటీ వేరువేరు సంస్థలని మనకు తెలుసు. తిరుపతిలో చేరి మద్రాసుకి మారిపోవచ్చని ఎవరైనా అంటే నవ్వుతాం. అన్నిటి పైనా ఐఐటీ కౌన్సిల్ ఉంది, కానీ ప్రతి ఐఐటీకి సొంత బోర్డ్ ఆఫ్ గవర్నర్స్ కూడా ఉంది. ఆర్లింగ్టన్‌కి అలాంటి సొంత పాలకమండలి లేదు. చట్టం దృష్టిలో దాని పాలకమండలి ఆ తొమ్మిది మందే. ఆ లెక్కన కాగితం మీద తిరుపతి ఐఐటీకి ఉన్నంత స్వతంత్రం ఆర్లింగ్టన్‌కి లేదు. రోజువారీ పనిలో మాత్రం క్యాంపస్ ప్రెసిడెంట్‌దే నడక.

రీజెంట్లు ఏం చేస్తారంటే, క్యాంపస్ ప్రెసిడెంట్లను నియమిస్తారు, ట్యూషన్ ఫీజులకు ఆమోదం తెలుపుతారు, పెద్ద భవనాలకు డబ్బు మంజూరు చేస్తారు. అవసరమనుకుంటే క్యాంపస్‌లను కలిపేస్తారు కూడా. మెక్సికో సరిహద్దు దగ్గర శాసనసభ అనుమతితో రెండు క్యాంపస్‌ల వనరులు కలిపి 2015లో యూటీ రియో గ్రాండ్ వ్యాలీని తెరిచారు. 2025 సెప్టెంబరులో యూటీ శాన్ ఆంటోనియోనీ, అదే ఊళ్లోని యూటీ ఆరోగ్య విజ్ఞాన కేంద్రాన్నీ ఒకటి చేశారు. టెక్సాస్ ఏ అండ్ ఎం సిస్టమ్ రీజెంట్లు 2024 నవంబరులో కామర్స్ అనే ఊళ్లోని క్యాంపస్ పేరును ఈస్ట్ టెక్సాస్ ఏ అండ్ ఎం అని మార్చారు. మన పిల్లలు చాలామంది చదివిన చోటు అది. మీ అబ్బాయి సీనియర్లను అడిగితే పాత పేరే చెబుతారు, కంగారు పడకండి. ఈ బోర్డుల మీటింగులు చాలావరకు బహిరంగంగానే జరుగుతాయి, ఎజెండా ముందుగా ఆన్‌లైన్‌లో పెడతారు. ఫలానా హాస్టల్ పైకప్పు ఖర్చు కూడా అందులో దొరుకుతుంది. మన యూనివర్సిటీల పాలకమండళ్ల, అంటే సిండికేట్ల సమావేశాల గురించి ఇంత తేలిగ్గా తెలుసుకోగలిగితే ఎంత బాగుండు!

డబ్బు దగ్గర మాత్రం ఒకే ఇంటి పిల్లలందరికీ ఒకే పళ్లెం కాదు. దీని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడరు. పశ్చిమ టెక్సాస్‌లో ఎందుకూ పనికిరావనుకున్న బీడు భూములను పంతొమ్మిదో శతాబ్దంలో యూనివర్సిటీ పేరిట రాసిచ్చారు. 1923 మే 28న అక్కడ శాంటా రీటా నంబర్ 1 అనే బావిలో చమురు పడింది. సుమారు 21 లక్షల ఎకరాల ఆ భూమి ఆదాయంతో పెరిగిందే పర్మనెంట్ యూనివర్సిటీ ఫండ్. పంచడానికి వచ్చే సొమ్ములో మూడింట రెండు వంతులు యూటీ సిస్టమ్‌కి, ఒక వంతు ఏ అండ్ ఎం సిస్టమ్‌కి. అయితే యూటీ వాటాలో భవనాలకూ పరికరాలకూ అన్ని క్యాంపస్‌లకూ కొంత అందుతుంది కానీ, ఏటా నడుపుకునే ఖర్చులకు వాడే భాగం ఆస్టిన్‌దే. రాష్ట్ర రాజ్యాంగంలోనే అలా రాసుంది. అందుకే ఆస్టిన్ ఆస్టిన్ అయింది.

తమాషా ఏమిటంటే, ఆ ఇంటిపేరు వల్ల ఆర్లింగ్టన్ ఇంకోచోట నష్టపోతుంది కూడా. 2023 నవంబరులో టెక్సాస్ ఓటర్లు టెక్సాస్ యూనివర్సిటీ ఫండ్ అని ఇంకో నిధిని ఆమోదించారు. అది టెక్సాస్ టెక్, హ్యూస్టన్, నార్త్ టెక్సాస్, టెక్సాస్ స్టేట్ లాంటి వాటి పరిశోధనల కోసం. చమురు నిధిలో వాటా ఉన్న కుటుంబాలకు అందులో చోటు లేదు.

అన్నట్టు, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్ అన్నది యూటీ కుటుంబం కాదు, దానిది వేరే సిస్టమ్. మన కాలనీల్లో "మావాడూ యూటీయే" అంటుంటే మీరు అయోమయపడకుండా ఉంటారని చెబుతున్నా. మిస్సోరీలోనూ ఇదే తంటా. మిస్సోరీ సిస్టమ్‌లో ఉన్నవి నాలుగే: కొలంబియా, కాన్సాస్ సిటీ, రోలా, సెయింట్ లూయిస్. తెలుగు పిల్లలు విపరీతంగా వెళ్లే యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ ఆ నాలుగింటిలో లేదు. దానికి సొంత బోర్డు ఉంది.

మిస్సోరీలో బోర్డు సభ్యులను రీజెంట్లు అనరు, క్యూరేటర్లు అంటారు. వాళ్లూ తొమ్మిది మందే, ఆరేళ్లే. పదవుల పేర్లు మాత్రం తారుమారు. టెక్సాస్‌లో సిస్టమ్ పెద్ద చాన్సలర్, క్యాంపస్ పెద్ద ప్రెసిడెంట్. మిస్సోరీలో సిస్టమ్ పెద్ద ప్రెసిడెంట్, క్యాంపస్ పెద్ద చాన్సలర్. మీ అబ్బాయికి కాన్సాస్ సిటీ చాన్సలర్ పేరుతో స్వాగత లేఖ వస్తే అది మన వీసీ స్థాయి మనిషి పంపినట్టు, గవర్నర్ పంపినట్టు కాదు. అక్కడ 2020లో సిస్టమ్ ప్రెసిడెంట్‌నే కొలంబియా చాన్సలర్‌గా కూడా నియమించారు. ఖర్చు తగ్గుతుందని చెప్పే మాట ఉంది. నాకైతే, పంచేవాడే ఒక వాటాదారు కూడా అయినప్పుడు మిగతా ముగ్గురికీ కొంత గుబులు ఉండక తప్పదనిపిస్తుంది.

ఇప్పుడు మీ మరిది మాటకు న్యాయం చేయాలి. ఒకే యూనివర్సిటీ, చాలా ఊళ్లు అనే పద్ధతి కూడా అమెరికాలో ఉంది. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ అలాంటిదే. అక్రెడిటేషన్ ఒకటే, సర్టిఫికెట్ మీద పేరూ ఒకటే. చిన్న క్యాంపస్‌లో రెండేళ్లు చదివి యూనివర్సిటీ పార్క్‌లోని ప్రధాన క్యాంపస్‌కి మారే దారి అక్కడ బ్యాచిలర్స్ పిల్లలకు మొదటినుంచీ ఉంది. బహుశా కన్సల్టెన్సీ ఆయన ఎక్కడో విన్న ఈ సంగతిని టెక్సాస్‌కి అంటగట్టి ఉంటాడు. అక్కడి చిన్న క్యాంపస్‌లకూ కష్టకాలమే. పిల్లలు తగ్గడంతో ఏడింటిని 2027 వసంతం సెమిస్టర్ తర్వాత మూసేయాలని 2025 మే నెలలో ట్రస్టీలు తీర్మానించారు. 2008కి ముందు జేఎన్‌టీయూ కూడా దాదాపు ఇదే పద్ధతి: వీసీ హైదరాబాద్‌లో, క్యాంపస్ కాలేజీలు అనంతపురం, కాకినాడ, హైదరాబాద్‌లలో. తర్వాత విడగొట్టి వేటికవే యూనివర్సిటీలు చేశారు. బెంగళూరు యూనివర్సిటీ సంగతి మీరు చూస్తూనే ఉన్నారు, 2017లో మూడు ముక్కలైంది. మనం పెరిగితే చీలుస్తాం. వాళ్లు విడిగానే ఉంచి పైన ఒక బోర్డు పెడతారు. ఏది మేలో ఒక్క మాటలో చెప్పలేం కానీ, చీల్చినప్పుడల్లా కొత్త వీసీ, కొత్త రిజిస్ట్రార్, కొత్త పరీక్షల విభాగం ఏర్పాటయ్యే దాకా పిల్లల మార్కుల కార్డులు ఆలస్యమవడం మాత్రం మన దగ్గర మామూలే.

కాలిఫోర్నియా ఊసు ఎవరైనా ఎత్తితే ఒక్కటి గుర్తుంచుకోండి. అక్కడ పది క్యాంపస్‌ల యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వేరు, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వేరు. శాన్ హోసే స్టేట్ రెండో దానిలోది. పరిశోధన, పీహెచ్‌డీ ప్రధానంగా మొదటిదాని పని అని 1960లోనే మాస్టర్ ప్లాన్‌లో పంచేసుకున్నారు.

మీరు చేతిలో పెట్టుకుని చూడాల్సిన కాగితం ఐ-20, అంటే విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ పంపే పత్రం. అది వచ్చాక మొదటి పేజీలో స్కూల్ వివరాల గడి చూడండి. స్కూల్ పేరు, క్యాంపస్ పేరు ఉంటాయి. కింద చిరునామా, స్కూల్ కోడ్, వెళ్లగానే కలవాల్సిన అధికారి పేరు. ఆ పేరూ చిరునామా అడ్మిట్ లెటర్‌తో సరిపోవాలి. కొన్ని యూనివర్సిటీలు అసలు ఊరికి చాలా దూరంలో ఒక భవనం తీసుకుని ఎంఎస్ క్లాసులు నడుపుతుంటాయి. తప్పేమీ కాదు, కానీ ల్యాబులు, క్యాంపస్ ఉద్యోగాలు, ప్రొఫెసర్ల అందుబాటు అక్కడ తక్కువగా ఉండొచ్చు. చిరునామా చూస్తే అది బయటపడుతుంది. ఇంకో విషయం. వీసా మీద ఏ స్కూల్ పేరుంటే మొదట అక్కడే చేరాలి. తర్వాత మారాలన్నా కొత్త చోట అడ్మిషన్ తెచ్చుకుని, పాత స్కూల్ వాళ్లతో సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ రికార్డు) బదిలీ చేయించుకోవాలి. ఒకే సిస్టమ్ కదా అని మినహాయింపు దొరకదు. వీసా రూల్స్ ఈ మధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి, వెళ్లే నాటికి అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి అడగడం మంచిది.

ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలన్నారు. వీసా గొడవైతే ఆ క్యాంపస్ ఇంటర్నేషనల్ ఆఫీసు. మార్కులో కోర్సులో అయితే ముందు గ్రాడ్యుయేట్ అడ్వైజర్, తర్వాత డిపార్ట్‌మెంట్ చైర్, ఆపైన డీన్, ఆ తర్వాత ప్రోవోస్ట్ (క్యాంపస్‌లో చదువుల వ్యవహారాలు చూసే పెద్ద). మెట్లు దాటకుండా ఎక్కాలి, ప్రతి మెట్టు దగ్గరా మెయిల్‌లోనే రాసుకోవాలి. ఫోన్‌లో మాట్లాడిన మాటలు ఎవరికీ గుర్తుండవు. క్యాంపస్‌లో దారులన్నీ మూసుకుపోతే టెక్సాస్‌లో రాష్ట్ర ఉన్నత విద్యా సమన్వయ బోర్డు విద్యార్థుల ఫిర్యాదులు తీసుకుంటుంది. సిస్టమ్ చాన్సలర్‌కి నేరుగా రాస్తే అది తిరిగి క్యాంపస్‌కే వస్తుంది, పది రోజులు వృథా.

రెజ్యూమెలో, లింక్డిన్‌లో పూర్తి పేరే రాయమనండి. ఉత్త 'యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్' అని రాస్తే చూసేవాళ్లు ఆస్టిన్ అనుకుంటారు. కొందరు పిల్లలు అందుకోసమే అలా రాస్తారు కూడా. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో డిగ్రీ ఇచ్చిన సంస్థ పేరు అడుగుతారు, అక్కడ తేడా వస్తే ఉన్న ఉద్యోగానికే ఎసరు.

ఇక రెండింటిలో ఏది? సిస్టమ్ పేరు చూసి అటో ఇటో ఒక్క మార్కు కూడా వేయకండి. వాడికి ఏ సబ్జెక్టు మీద ఆసక్తి ఉందో, ఆ డిపార్ట్‌మెంట్‌లో ఆ పని చేసే ప్రొఫెసర్లు ఎంతమంది ఉన్నారో వాడినే కూర్చోబెట్టి వెతికించండి. ఖర్చు దగ్గర ఒక చిట్కా ఉంది. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏడాదికి కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ వచ్చిన బయటి విద్యార్థికి, టెక్సాస్ నివాసులకు వేసే ట్యూషన్ రేటే వేయడానికి అక్కడి చట్టం వీలు కల్పిస్తుంది. ఇన్ని సీట్లే అని పరిమితి ఉంటుంది, ఇచ్చేదీ మానేదీ క్యాంపస్ చేతిలో పని. అది దొరికితే లోన్ లెక్కే మారిపోతుంది. కాబట్టి కాన్సాస్ సిటీ ఫీజు పట్టికతో పోల్చే ముందు, ఆర్లింగ్టన్ డిపార్ట్‌మెంట్‌కీ స్కాలర్‌షిప్ ఆఫీసుకీ ఈ వారమే మీ అబ్బాయి చేత మెయిల్ పెట్టించండి. జవాబు వచ్చే దాకా డిపాజిట్ ఆపండి, గడువు దగ్గరపడితే గడువు పొడిగించమని అడగొచ్చు, అడగడంలో తప్పు లేదు. వాడి మనసు ఆస్టిన్ మీదే ఉంటే మాత్రం ఆర్లింగ్టన్ మీదుగా చుట్టు తిరిగే ఆలోచన మానుకుని, ఒక ఏడాది ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ వచ్చే ఫాల్ సెమిస్టర్‌కి నేరుగా అప్లై చేయమనండి. అలాంటి చోట్ల గడువులు సాధారణంగా డిసెంబరు నాటికే ముగుస్తాయి, దసరా లోపు రికమెండేషన్ లెటర్ల పని మొదలుపెట్టాలి.